టూంబ్ రైడర్ (2013): 34 లక్షల కాపీలు అమ్ముడైనా ‘అనుకున్నంత రాలేదు’ అనిపించుకున్న ఆట

ఈ డిస్కు నాకు 650 రూపాయలకు దొరికింది. నెల్లూరులో బంధువుల పెళ్ళికి వెళ్ళి, తిరుగు రైలుకి ఇంకా రెండు గంటలుందని ట్రంకు రోడ్డు మీద నడుస్తుంటే పాత గేములు కొని అమ్మే చిన్న షాపు కనిపించింది. టూంబ్ రైడర్ వీడియో గేము డెఫినిటివ్ ఎడిషన్ (2013 ఆటకే మెరుగులు దిద్దిన కూర్పు), టీవీకి తగిలించి ఆడే పీఎస్4 మిషను డిస్కు. అట్ట మీద ఎవరో పిల్లవాడు పెన్నుతో పేరు రాసుకుని, అమ్మేటప్పుడు కొట్టేసుకున్నాడు. డిస్కు వెనక రెండు సన్నటి గీతలున్నాయి. “ఎక్కడన్నా ఆగిపోతే తెచ్చి ఇచ్చెయ్యండి మేడమ్” అన్నాడు షాపతను. ఒంగోలు వచ్చి పెట్టుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

ఈ ఆట నాకు కొత్త కాదు. 2013 మార్చి 5న విడుదలైన కొన్ని నెలలకే తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఆడాను. ఫ్యాను మోత చెవులు చిల్లులు పడేలా ఉండేది, వాన సీను వస్తే బొమ్మ ముక్కలు ముక్కలుగా కదిలేది. అయినా వదల్లేదు. మళ్ళీ పన్నెండేళ్ళ తర్వాత, ఈసారి టీవీ ముందు కూర్చుని పూర్తి చేశాను. నేను ఆడిన ఆటల్లో ఇంత బాగా కట్టిన ఆటలు చాలా తక్కువ. దాని మీద ఎప్పటికీ ‘అంచనాలు అందుకోలేదు’ అనే ముద్ర ఉండిపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ రివ్యూలో ఆట గురించి ఎంత రాస్తానో, ఆ ముద్ర గురించీ అంత రాస్తాను.

ముందు ఆట. కథలో లారా క్రాఫ్ట్‌కి 21 ఏళ్ళు. యమతాయ్ అనే పాతకాలపు రాజ్యం జాడ వెతుకుతూ ఎండ్యూరెన్స్ అనే ఓడలో బయల్దేరుతుంది. జపాన్ దగ్గరి సముద్రంలో తుఫానుకి ఓడ విరిగిపోతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన లారాని ఎవరో తల మీద కొట్టి లాక్కెళ్ళి ఒక గుహలో తలకిందులుగా వేలాడదీస్తారు. మన చేతికి ఆట వచ్చేది అక్కడే. ఊగి ఊగి, పక్కనున్న మంటకు తగిలి, కట్లు కాలి కింద పడుతుంది. పడటం పడటం ఒక ఇనుప చువ్వ మీద పడి పక్కటెముకల దగ్గర గుచ్చుకుంటుంది. మొదటి ఐదు నిమిషాల్లో ఇంత జరుగుతుంది.

నేను మూడో రోజో నాలుగో రోజో ఆడుతున్నప్పుడు నాన్న ఊరి నుంచి వచ్చారు, మోకాలి నొప్పికి డాక్టరుకి చూపించుకోవడానికి. మాది టంగుటూరు మండలం. నాన్న ముప్ఫై ఏళ్ళుగా పొగాకు రైతు. సోఫాలో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూశారు. వాన కురుస్తోంది, లారా రెండు చేతులూ ఒంటికి చుట్టుకుని వణుకుతూ నడుస్తోంది. “ఆ పిల్లకి ఎవురూ ఒక దుప్పటన్నా ఇయ్యరేందమ్మా” అన్నారు. ఈ ఆట గురించి అంతకంటే బాగా నేను చెప్పలేను. తెర మీది బొమ్మ మీద మా నాన్నకి జాలి కలిగింది. చెట్టుకి వేలాడుతున్న శవం మీది నుంచి విల్లు తీసుకున్నప్పుడు, ఆకలికి మొదటిసారి జింకను కొట్టి దాని పక్కన కూర్చుని క్షమించమన్నప్పుడు, ఆయన ముందుకు వంగి చూశారు.

రేడియో టవర్ ఎక్కే ఘట్టం కోసమైనా ఈ ఆట కొనొచ్చు. తుప్పు పట్టిన టవర్, చుట్టూ మంచు, కింద లోయ. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటి ఊడిపోతుంటాయి. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. అక్కడ శత్రువు లేడు, తుపాకీ లేదు, పైకి ఎక్కడం ఒక్కటే పని. నా అరచేతులు చెమటపట్టాయి. నాన్న లేచి నిలబడ్డారు.

విల్లు ఈ ఆటకి ప్రాణం. మంట బాణాలు, తాడు కట్టిన బాణాలు ఒక్కొక్కటే చేతికొస్తాయి. దారిలో ఏరుకున్న ఇనప సామానుతో మంట దగ్గర కూర్చుని ఆయుధాలు బాగుచేసుకుంటాం. ఆ చలిమంట దగ్గరే లారా తన మనసులో మాటలు చెప్పుకుంటుంది. కమిలా లడ్డింగ్‌టన్ గొంతు ఆ పాత్రకి సరిగ్గా కుదిరింది. మొదట్లో భయంతో చీలిపోయే గొంతు, ద్వీపం చివరికొచ్చేసరికి గట్టిపడుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. మొదటి మనిషిని చంపాక లారా కుప్పకూలి ఏడుస్తుంది. ఇంకో పావుగంటలో ఆమె చేతే పదులమందిని చంపిస్తారు. ఆ ఏడుపుకి విలువ లేకుండా పోయింది అనిపించింది. పేరులో సమాధి ఉంది గానీ సమాధులు మాత్రం దారి పక్కన ఐచ్ఛికంగా పెట్టారు, ఒక్కొక్కటి పది నిమిషాల్లో అయిపోతుంది. చావులు మరీ భయంకరంగా చూపించారు. వరద నీళ్ళలో జారిపోయే చోట ఒక బటన్ ఆలస్యంగా నొక్కితే మెడలో కొమ్మ దిగుతుంది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇది పెద్దవాళ్ళ ఆట, పిల్లల ముందు పెట్టకండి.

ఇంకొకటి మల్టీప్లేయర్. ఒంటరి అమ్మాయి బతికి బయటపడే కథలో నలుగురు నలుగురు జట్లుగా కాల్చుకునే ఆట ఎందుకు? అసలు కథ చేసిన క్రిస్టల్ డైనమిక్స్ వాళ్ళు కాకుండా ఐడోస్ మాంట్రియాల్ స్టూడియో ఆ భాగం చేసింది. నేను రెండుసార్లు తెరిచి మూసేశాను. ఇలాంటివి ఆడేవాళ్ళు అడిగినందుకు కాక, ‘ఇంకా ఎక్కువమందికి అమ్మాలి’ అనే ఒత్తిడి వల్ల వస్తాయని నా నమ్మకం. ఆ రోజుల్లోనే డెడ్ స్పేస్ 3 విషయంలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అధికారి ఫ్రాంక్ గిబో, ఆ సిరీస్‌లో పెట్టుబడి పెడుతూ ఉండాలంటే సుమారు 50 లక్షలమంది ఆడేవాళ్ళు కావాలని విడుదలకు ముందే చెప్పాడు. ఒంటరిగా భయపడుతూ ఆడే ఆ ఆటలోనూ ఇద్దరు కలిసి ఆడే పద్ధతి వచ్చి చేరింది.

ఇక ఆ ముద్ర సంగతి. ఆట వచ్చి సరిగ్గా మూడు వారాలైన 2013 మార్చి 26న, పబ్లిషర్ స్క్వేర్ ఎనిక్స్ జపాన్‌లో ఒక ప్రకటన ఇచ్చింది. ఆ ఆర్థిక సంవత్సరానికి లాభం వస్తుందన్న అంచనా మార్చుకుని, సుమారు 1,300 కోట్ల యెన్ నష్టం వస్తుందని చెప్పింది. అధ్యక్షుడు యోయిచి వాడా తప్పుకుంటున్నట్టు అదే రోజు తెలిసింది. కారణాల్లో మూడు ఆటల పేర్లు వచ్చాయి. స్లీపింగ్ డాగ్స్ 17.5 లక్షలు, హిట్‌మ్యాన్ అబ్సల్యూషన్ 36 లక్షలు, టూంబ్ రైడర్ 34 లక్షలు. మూడింటికీ పత్రికల మార్కులు మంచివే. మూడూ అనుకున్నంత అమ్మలేదు. టూంబ్ రైడర్‌కి పెట్టుకున్న లెక్క 50 నుంచి 60 లక్షలు. నాలుగు వారాల లోపే 34 లక్షలమంది కొన్నారు, ఆట బాగుందన్నారు, దాన్నే కంపెనీ నిరాశ కింద రాసింది.

నేను ఒంగోలులో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాను. చీమకుర్తి గ్రానైట్ వాళ్ళ లెక్కలు, రైస్ మిల్లులు, రెండు మూడు ఆక్వా పార్టీలు. బ్యాంకు లోన్లకి సీఎంఏ డేటా తయారుచేయడం నా పనుల్లో ఒకటి. వచ్చే ఏడాది ఎంత అమ్ముతారు, ఆ పై ఏడాది ఎంత అమ్ముతారు అని ఎక్సెల్లో వేసి ఇవ్వాలి. ఆ అంకె ఎలా వస్తుందో నాకు తెలుసు. పార్టీ మిషను నడిపే సామర్థ్యం నుంచి మొదలుపెట్టి వేసే లెక్క ఒకటి. కావలసిన లోను, కట్టాల్సిన వాయిదా ముందు రాసుకుని, దానికి సరిపోయేలా అమ్మకాలు వెనక్కి లెక్కగట్టుకుంటూ రావడం ఇంకొకటి. రెండో పద్ధతిలో వచ్చిన అంకె కాగితం మీద ఎంతో బాగుంటుంది. ఏడాది తిరిగాక బ్యాంకు నుంచి ఫోను వస్తుంది, “ప్రొజెక్షన్‌లో ఇంత చూపించారు కదా, ఎందుకు రాలేదు?” అని. అప్పుడు పార్టీ ముఖం చూడాలి. వ్యాపారం నిరుటికంటే బాగానే నడిచి ఉంటుంది. అయినా తలొంచుకుని నిలబడతాడు.

జపాన్‌లో ఆ 50, 60 లక్షల అంకె కూడా ఆట లోపలి నుంచి పుట్టలేదని నాకు అనిపిస్తుంది. చేతిలో ఉన్న మూడు పెద్ద ఆటలకైన ఖర్చు, సంస్థలో మిగతా చోట్ల లోటు, షేర్‌హోల్డర్లకి అప్పటికే చెప్పి ఉన్న లాభం, ఇవన్నీ కలిపి చూస్తే కావలసి వచ్చిన అంకెలా కనిపిస్తుంది.

ఈ సంగతంతా రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. 34 లక్షలు అనగానే ఆయన ఆశ్చర్యపోలేదు. రెండు ప్రశ్నలు అడిగారు. “దానికి వాళ్ళకి అయిన ఖర్చెంత? ఇంత వస్తుందని ముందుగా ఎవురికి చెప్పారంట?” మా ఆఫీసులో ఎవరైనా ఇంత సూటిగా అడగ్గా నేను వినలేదు.

తర్వాత ఆయన నేను ఇంటర్ చదివే రోజుల్లో జరిగిన ఒక పంట గుర్తుచేశారు. అంతకు ముందు ఏడు పొగాకు ధర బాగా పలికింది. దాంతో ఆ ఏడు పొలం కౌలు పెరిగింది, ఆకు కాల్చే బ్యారన్ కౌలు ఒకటిన్నర రెట్లయింది, ఆకు కోసే రెలుపు కూలీ పెరిగింది, బ్యారన్ మంటకి వాడే పుల్ల ధర పెరిగింది. అందరూ మళ్ళీ అదే ధర వస్తుందని కాగితం మీద రాసుకున్నట్టే ఖర్చుపెట్టారు. నాన్న మొదటి రోజు వేలం కేంద్రానికి పదకొండు బేళ్ళు తీసుకెళ్తే రెండు నోబిడ్ అయి, అంటే ఎవరూ పాట పాడక, వెనక్కి వచ్చాయి. మిగతా తొమ్మిదింటికి పలికిన ధర చెడ్డదేమీ కాదు. అయినా అప్పు మిగిలింది. “ధర బాగానే వచ్చిందమ్మా. అయితే ఆ ధర రాకముందే అందరం దాన్ని తినేసి కూర్చున్నాం” అన్నారు.

ఆటల వ్యాపారంలో నాకు అర్థం కాని ముడి ఆ మాటతో విడిపోయింది. నిరుడు ఒక ఆట బ్రహ్మాండంగా ఆడితే, తర్వాతి ఆటకి మనుషులు పెరుగుతారు, ఏళ్ళు పెరుగుతాయి, ప్రకటనల ఖర్చు పెరుగుతుంది. ఖర్చు పెరిగింది కాబట్టి అంచనా పెరగాలి. అంచనా పెరిగింది కాబట్టి ఇంకొంత ఖర్చు చేసినా ఫర్వాలేదనిపిస్తుంది. మా నాన్నకి తేడా ఒక్కటే. ఆయన ధర ఎవరికీ మాట ఇవ్వలేదు, వేలంలో కొనేవాళ్ళే పలికారు. కంపెనీ మాత్రం తన అంకె తానే చెప్పి, ఆ అంకె దగ్గర తానే ఓడిపోతుంది.

షేర్ల సంగతి దీనికి ఇంకో మెట్టు పైన ఉంటుంది. షేరు ధరలో ఈ రోజు అమ్మకం ఉండదు, రేపటి ఆశ ఉంటుంది. 2016 జూలైలో పోకేమాన్ గో వచ్చినప్పుడు ప్రపంచమంతా ఫోన్లు పట్టుకుని రోడ్ల మీద తిరిగింది. రెండు వారాల్లో నింటెండో షేరు రెట్టింపు దాటింది. ఆ ఆట చేసింది నయాంటిక్, నింటెండోకి చేరేది కొంత భాగమే. ఆ మాటే నింటెండో జూలై 22న ప్రకటనగా చెప్పింది, మా లాభాల మీద దీని ప్రభావం పరిమితమేనని. సోమవారం మార్కెట్ తెరిచాక షేరు ఒక్క రోజులో దాదాపు 18 శాతం పడింది. ఆడేవాళ్ళు ఒక్కరు కూడా తగ్గలేదు. ఆటలో ఏమీ మారలేదు. జనం ఊహించుకున్నది మాత్రం మారింది.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ క్రాఫ్టన్ అనే కొరియా కంపెనీ. 2021 జూలై మొదట్లో వాళ్ళ ఫోన్ షూటింగ్ ఆట బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) మన దేశంలో విడుదలైంది. మా తమ్ముడు, వాడి స్నేహితులు రాత్రిళ్ళు మిద్దె మీద కూర్చుని అదే ఆడేవాళ్ళు. సరిగ్గా ఆ ఊపులోనే, ఆగస్టు 10న, ఆ కంపెనీ కొరియా స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. ఇష్యూ ధర, అంటే కంపెనీ మొదట షేరు అమ్మిన ధర, 4,98,000 వాన్. మొదటి రోజే ఆ ధర కిందికి దిగింది. తమ్ముడికి ఇది చెబితే నమ్మలేదు. “అక్కా, ఊరంతా ఆడుతుంటే ఎట్టా పడుద్ది?” అన్నాడు. ఊరంతా ఆడుతుందని ఇష్యూ ధర కట్టినవాళ్ళకి ముందే తెలుసు. దాన్ని ముందే ధరలో కలిపేశారు.

టూంబ్ రైడర్ తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, ఎందుకంటే ‘ఫెయిల్’ అన్న వార్త వచ్చినంత పెద్దగా ఇది రాలేదు. 2013 చివరికల్లా ఆట లాభాల్లోకి వచ్చేసింది. 2014 జనవరిలో నేను కొన్న ఈ డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది. 2015కి మొత్తం అమ్మకం 85 లక్షలు దాటింది. 2021 నాటికి కోటీ 45 లక్షలు. ఆ సిరీస్‌లో అప్పటిదాకా ఏ ఆటా ఇంత అమ్మలేదు. అంటే మంచి ఆట అమ్ముడవుతూనే ఉంది, నాలుగు వారాలు కాకుండా కొన్నేళ్ళు ఇస్తే. మార్చి నెలాఖరుకి లెక్కలు మూసే అలవాటు ఆటకి లేదు, కంపెనీకి ఉంది. ఫిబ్రవరిలో బ్యారన్ నుంచి దిగిన ఆకుని ఆ మార్చిలోనే మొత్తం అమ్మితీరాలంటే మా ఊళ్ళో ఒక్క రైతు మిగలడు.

2022 మేలో స్క్వేర్ ఎనిక్స్ క్రిస్టల్ డైనమిక్స్‌ని, ఐడోస్ మాంట్రియాల్‌ని, ఇంకో స్టూడియోని, టూంబ్ రైడర్ హక్కులతో సహా స్వీడన్‌కి చెందిన ఎంబ్రేసర్ గ్రూపుకి 30 కోట్ల డాలర్లకి అమ్ముతున్నట్టు ప్రకటించింది. ఎన్నో ఏళ్ళ పేరు, వెయ్యికి పైగా ఉద్యోగులు, యాభైకి మించిన పాత ఆటలు కలిపి ఆ ధర. కొన్న ఎంబ్రేసర్ అప్పటికి కొన్నేళ్ళుగా కనిపించిన స్టూడియోనల్లా కొంటూ పోయింది. 2023 మే 24న, తమకి రావాల్సిన 200 కోట్ల డాలర్లకి పైబడిన ఒక ఒప్పందం చివర్లో చెడిపోయిందని చెప్పింది. సంతకం పడకముందే ఆ డబ్బు మీద అంచనాలు కట్టుకున్నారు. ఆ రోజు షేరు సుమారు 40 శాతం పడిపోయింది. తర్వాత కోతలు మొదలయ్యాయి. 2024 జనవరిలో ఐడోస్ మాంట్రియాల్‌లో 97 మంది ఉద్యోగాలు పోయాయి. వాళ్ళలో కొందరు ఈ డిస్కు మీద పని చేసినవాళ్ళు అయి ఉండొచ్చని అనిపిస్తుంది, చివర్లో పేర్లు పైకి జరుగుతున్నప్పుడు ఇప్పుడు స్కిప్ నొక్కలేకపోతున్నాను.

నాకు కోపం వచ్చేది అక్కడే. అంకె వేసినవాడు ఒకడు, ఆ అంకె అందలేదని ఇంటికి వెళ్ళేవాడు ఇంకొకడు. వాడా లాంటి అధ్యక్షుడు బాధ్యత తీసుకుని తప్పుకోవడం అరుదు. మామూలుగా వెళ్ళిపోయేది బొమ్మలు గీసేవాళ్ళు, తప్పులు వెతికే టెస్టర్లు. పెట్టుబడి పెట్టేవాడికి లాభం అడిగే హక్కు ఉంది, అది నేను కాదనను, రోజూ వాళ్ళ లెక్కలే రాస్తాను. కానీ ఒక ఆట ఖర్చు తీసి, వడ్డీ తీసి, ఇంకా మిగిలిస్తే దాన్ని విజయం అనాలి. పక్కన ఇంకో ఆటలో వచ్చిన లోటు కూడా అదే పూడ్చలేదని దాన్ని వైఫల్యం కింద రాయకూడదు. నా దగ్గరికి ఏ పార్టీ అయినా అలా కలిపి రాయమని వస్తే, రెండు యూనిట్లకి రెండు పేజీలు తీస్తాను.

కొనాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. కథ పూర్తి కావడానికి నాకు పన్నెండు గంటలు పట్టింది, ద్వీపంలో మూలమూలా వెతికి దాచిన వస్తువులన్నీ ఏరడానికి ఇంకో ఏడెనిమిది గంటలు. కథ ఆడటానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, మా లాయర్‌పేటలో నెట్ పోయిన రోజుల్లో కూడా నడిచింది. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, గాలివాన చప్పుడులో మాటలు తేలిగ్గా అందవు. పీఎస్4 ఉంటే డెఫినిటివ్ ఎడిషనే తీసుకోండి, లారా జుట్టు గాలికి కదిలే తీరు, తడిసిన మట్టి ఇందులో చాలా తేడాగా ఉంటాయి. పాత కంప్యూటర్ ఉన్నవాళ్ళకి మామూలు ఎడిషన్ చాలు, ఆన్‌లైన్ సేల్ వచ్చినప్పుడు బాగా తక్కువకి వస్తుంది. సెకండ్ హ్యాండ్ డిస్కు అయితే వెనకవైపు వెలుతురులో పెట్టి చూడండి, సన్న గీతలకి భయపడక్కర్లేదు. నేను ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు పోయింది సమాధులు చిన్నవి చేసినందుకు.

డిస్కు ప్రస్తుతం టంగుటూరులో ఉంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు తమ్ముడు తీసుకున్నాడు. నిన్న రాత్రి నాన్న ఫోను చేసి, మోకాలి సంగతి రెండు మాటల్లో ముగించి, వాడు టవర్ దాకా వచ్చాడని, మెట్టు ఊడిన చోట మూడుసార్లు కింద పడ్డాడని, ఆ చోట ఏ బటన్ నొక్కాలో నన్ను అడిగారు.